పరిశోధనలో గణాంకశాస్త్రం, మెషిన్ లెర్నింగ్: స్కాలర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యవసాయం, వైద్యం, జన్యుశాస్త్రం, భౌతికశాస్త్రం, వాతావరణం... ఏ శాఖ స్కాలరు వచ్చినా డేటా విశ్లేషణ దగ్గర అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఫార్ములాలు పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి కాబట్టి ఇక్కడ ఇవ్వలేదు. ఏ పద్ధతి ఎక్కడ నిలబడింది, ఎక్కడ బోల్తా పడింది అన్నదే ఇక్కడి విషయం.

గణాంకశాస్త్రం, మెషిన్ లెర్నింగ్ రెండూ ఒకటేనా?

పనిముట్లు చాలావరకు ఒకటే, అడిగే ప్రశ్న వేరు. వరికి నత్రజని మోతాదు పెంచితే దిగుబడి ఎంత పెరుగుతుంది, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చు అని అడిగితే అది గణాంకశాస్త్రం పని. ఉపగ్రహ చిత్రాలు చూసి ఫలానా మండలంలో ఈ ఖరీఫ్ దిగుబడి ఎంత ఉండవచ్చో చెప్పమంటే మెషిన్ లెర్నింగ్ పని. మొదటి దానిలో ప్రతి గుణకానికీ అర్థం చెప్పగలగాలి. రెండో దానిలో మోడల్ లోపల ఏం జరుగుతుందో తెలియకపోయినా, అది ఎన్నడూ చూడని మండలం మీద అంచనా నిలబడితే చాలు. ఈ రెండు వర్గాలూ ఒకరి మాట ఒకరు వినడం లేదని అమెరికన్ గణాంకశాస్త్రవేత్త లియో బ్రీమన్ 2001లో గట్టిగానే రాశారు. అనేక నిర్ణయ వృక్షాల అంచనాలను కలిపే రాండమ్ ఫారెస్ట్ పద్ధతిని ప్రతిపాదించింది కూడా ఆయనే, అదే ఏడాది.

అవునా, కాదా అనే ఫలితానికి అవకాశాన్ని లెక్కగట్టే లాజిస్టిక్ రిగ్రెషన్ రెండు సిలబస్‌లలోనూ ఉంటుంది. దాన్ని ఎటు లెక్కగట్టాలన్న వాదన మీద సమయం పెట్టకండి.

ఒక శాస్త్రంలో పుట్టిన పద్ధతి మరో శాస్త్రానికి ఎలా పనికివస్తుంది?

ఇప్పుడు వాడుతున్న పద్ధతుల్లో చాలావాటి పుట్టిల్లు వేరే శాస్త్రమే. 1801 జనవరి 1న ఖగోళశాస్త్రవేత్త పియాజీ సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనుగొన్నారు. కొద్ది వారాలకే అది సూర్యుడి వెలుగులో కనుమరుగైంది. ఉన్న కొద్దిపాటి పరిశీలనలతో గౌస్ దాని కక్ష్యను లెక్కగట్టారు. ఏడాది చివర్లో దాదాపు ఆయన చెప్పిన చోటే అది మళ్లీ కనిపించింది. గౌస్ అప్పట్లోనే వాడానని తర్వాత చెప్పుకున్న కనిష్ఠ వర్గాల పద్ధతిని (దోషాల వర్గాల మొత్తం వీలైనంత తక్కువయ్యేలా అంచనా వేయడం) ముందుగా అచ్చులో పెట్టింది లజాండ్ర్, 1805లో. చిన్న శాంపిళ్ల సగటులను పోల్చే టి-పరీక్ష డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారం నుంచి వచ్చింది. అక్కడ పనిచేసే విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో దాన్ని ప్రచురించారు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ మడులకు ఎరువులను యాదృచ్ఛికంగా కేటాయించిన పద్ధతే ఆ తర్వాత మందుల క్లినికల్ ట్రయల్స్‌కు పునాది అయింది.

మన వాళ్ల కథ కూడా ఇందులో ఉంది. మనుషుల శరీర కొలతలను బట్టి సమూహాలు ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పడానికి గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ ఒక కొలమానం తయారుచేశారు. దాని మీద ఆయన ప్రధాన వ్యాసం 1936లో వచ్చింది. నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసిన సి.ఆర్. రావు కలకత్తాలో ఆయన దగ్గర చేరారు. తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలకు ఆ దూరాన్నే వాడారు. ఇప్పుడు అదే కొలమానంతో డేటాలో తేడాగా ఉన్న పరిశీలనలను పట్టుకుంటున్నారు.

రావుగారు 1945లో, పాతికేళ్ల వయసులో ప్రచురించిన వ్యాసం ఇంకా దూరం వెళ్లింది. చేతిలో ఉన్న డేటా నుంచి నిష్పాక్షికంగా ఒక విలువను అంచనా వేయాలంటే, ఎంత తెలివైన పద్ధతి వాడినా దోషం ఒక హద్దు కన్నా దిగువకు పోదని ఆ వ్యాసం చూపింది. క్రామర్-రావు హద్దు అంటే అదే. రాడార్ ఇంజనీరు, సూక్ష్మదర్శినిలో ఒక అణువు స్థానాన్ని లెక్కించే జీవశాస్త్రవేత్త, ఇద్దరూ తమ పరికరం ఎంత బాగా పనిచేయగలదో ఈ హద్దుతోనే బేరీజు వేసుకుంటారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పి-విలువ 0.05 కన్నా తక్కువ వచ్చింది. నా పరికల్పన రుజువైనట్టేనా?

కాదు. అసలు తేడాయే లేదనుకుంటే, మీకు కనబడినంత తేడా గానీ అంతకన్నా పెద్దది గానీ కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో పి-విలువ చెబుతుంది. మీ పరికల్పన నిజమయ్యే అవకాశం 95 శాతమని అది ఎక్కడా చెప్పదు. అయినా థీసిస్‌లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండో అర్థమే. దీన్ని సరిదిద్దడానికి అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటనే విడుదల చేయాల్సి వచ్చింది.

ఫిషర్ ప్రయోగంతో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనని రోథమ్‌స్టెడ్‌లో మ్యూరియల్ బ్రిస్టల్ అన్నారు. ఆమె శైవలాల మీద పనిచేసే శాస్త్రవేత్త. దీని ఆధారంగా ఫిషర్ ఎనిమిది కప్పుల పరీక్షను వివరించారు: నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. ఎనిమిదింటిలో నాలుగు ఎంచుకునే విధాలు 70. ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1, అంటే సుమారు 0.014. ఒక్క జత తారుమారైతే? అంత బాగా గానీ ఇంకా బాగా గానీ ఊహించే విధాలు 17 ఉన్నాయి, కాబట్టి పి-విలువ ఒక్కసారిగా 0.24కు పోతుంది. ఎన్ని కప్పులు పెట్టాలో ముందే ఎందుకు తేల్చుకోవాలో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

మరి భౌతికశాస్త్రంలో 5 సిగ్మా అంటారు, జన్యుశాస్త్రంలో ఇంకేదో అంటారు. హద్దు ఎందుకు మారుతుంది?

ఎన్ని చోట్ల వెతికారన్నదాన్ని బట్టి మారుతుంది. నిజానికి ఏ ప్రభావమూ లేని 20 విషయాలను 0.05 హద్దుతో విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒకదానిలోనైనా ‘ఫలితం’ వచ్చే అవకాశం 64 శాతం. జన్యువుల అధ్యయనంలో లక్షల స్థానాలను పరీక్షిస్తారు కాబట్టి అక్కడి ఆనవాయితీ 2 కోట్లలో ఒకటి. హిగ్స్ బోసాన్‌ను 2012 జూలై 4న ప్రకటించినప్పుడు భౌతికశాస్త్రజ్ఞులు పట్టుబట్టిన 5 సిగ్మా (సిగ్మా అంటే ప్రామాణిక విచలనం) హద్దు అంటే సుమారు 35 లక్షల్లో ఒకటి.

ఈ దిద్దుబాటు చేయకపోతే ఏమవుతుందో చూపడానికి ఒక అమెరికన్ బృందం చచ్చిన సాల్మన్ చేపను మెదడు స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించింది. వేల బిందువులను విడివిడిగా పరీక్షిస్తే చేప మెదడులో కొన్ని బిందువులు ‘స్పందించాయి’. దిద్దుబాటు చేస్తే ఒక్కటీ మిగల్లేదు. 2012లో వాళ్లకు ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. నవ్వు తెప్పించినా నాడీశాస్త్రానికి చాలా మేలు చేసిన ప్రయోగం. మీ డేటాలో పరీక్షలు ఎక్కువైతే హద్దును పరీక్షల సంఖ్యతో భాగించే బాన్‌ఫెరోనీ పద్ధతి గానీ, తప్పుడు ఫలితాల నిష్పత్తిని అదుపులో పెట్టే, 1995లో వచ్చిన బెంజమిని-హాక్‌బర్గ్ పద్ధతి గానీ వాడండి.

హద్దు ఎంత కఠినంగా పెట్టినా పరికరంలో లోపముంటే అది కాపాడదు. 2011లో న్యూట్రినోలు అనే కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందుగా వచ్చాయని ఇటలీలోని ఒపేరా ప్రయోగం ప్రకటించింది. గణాంకాలపరంగా అది దాదాపు 6 సిగ్మా. చివరికి తేలిన ప్రధాన కారణం, సరిగ్గా బిగించని ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్.

మా మోడల్ 99 శాతం కచ్చితత్వం ఇచ్చింది. అయినా పరీక్షకులు ఎందుకు నమ్మడం లేదు?

99 అనే అంకె చూడగానే అనుమానం రావడం అనుభవం నేర్పిన అలవాటు. ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తించే మోడళ్ల సంగతే తీసుకోండి. మన విశ్వవిద్యాలయాల్లోనూ ఇది అందరికీ ఇష్టమైన అంశం. ప్లాంట్‌విలేజ్ అనే డేటాలో 14 పంటల ఆకుల ఫొటోలు 54 వేలకు పైగా ఉన్నాయి. 2016లో ఒక బృందం వీటిలో కొన్నింటిని పక్కనపెట్టి, మిగతావాటితో శిక్షణ ఇచ్చి పరీక్షిస్తే 99.35 శాతం వచ్చింది. అదే మోడల్‌కు వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతానికి పడిపోయింది. ఆ బృందమే తమ వ్యాసంలో ఈ రెండో అంకెను కూడా నిజాయితీగా రాసింది. ఆ వ్యాసాన్ని ఉదాహరించేవాళ్లలో చాలామంది మాత్రం మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు.

ఎందుకిలా? ఆకులను కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసిన ఫొటోలవి. ఒక్కో తెగులు ఫొటోల్లో వెలుతురు, నేపథ్యం ఒక్కో తీరున ఉన్నాయి. ఆకును పూర్తిగా వదిలేసి నేపథ్యంలోని 8 పిక్సెళ్లు మాత్రమే ఇచ్చినా 49 శాతం సరిగ్గా చెప్పవచ్చని తర్వాత మరొకరు చూపించారు. 38 తరగతులున్న డేటాలో గుడ్డిగా ఊహించినవాడికి అంత రాదు. అంటే మోడల్ నేర్చుకున్నదాంట్లో తెగులెంతో, ఫొటో తీసిన బల్ల ఎంతో విడదీయలేం.

వైద్యంలోనూ ఇదే తంతు. ఛాతీ ఎక్స్‌రేలతో న్యుమోనియాను గుర్తించే ఒక నెట్‌వర్క్, ఫిల్మ్ ఏ ఆసుపత్రిదో పసిగట్టగలుగుతోందని 2018లో తేలింది. ఆసుపత్రిని బట్టి రోగుల నిష్పత్తి మారుతుంది కాబట్టి ఆ ఒక్క సమాచారమే మార్కులు తెచ్చిపెడుతుంది. కోవిడ్ తొలి ఏడాదిలో ఎక్స్‌రే, సీటీ చిత్రాల మోడళ్ల మీద వచ్చిన 2,212 అధ్యయనాలను ఒక బృందం పరిశీలించింది. వడపోతల తర్వాత 62 మిగిలాయి. వాటిలోనూ వైద్యానికి నేరుగా వాడదగ్గది ఒక్కటీ లేదని 2021లో తేల్చింది.

అందుకే మీరు చెప్పిన అంకె కన్నా పరీక్ష ఎలా పెట్టారన్నదే వాళ్లు ముందు చూస్తారు. మోడల్‌ను చివరికి ఎక్కడ వాడతారో, పరీక్ష డేటా అలాంటి చోటు నుంచే రావాలి.

డేటా లీకేజీ అంటారే, అది మా డేటాలో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్నపత్రం ముందే బయటికి వస్తే మార్కులకు విలువ ఉండదు కదా, అదే సంగతి. పరీక్ష డేటాలోని సమాచారం ఏ దారిలోనైనా శిక్షణలోకి వస్తే లీకేజీ. సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది.

ఒకే రోగివి ఐదు స్కాన్‌లు ఉంటే మూడు శిక్షణలోకి, రెండు పరీక్షలోకి పోతాయి. అప్పుడు మోడల్ రోగిని గుర్తుపడుతుంది, రోగాన్ని కాదు. కాబట్టి విభజన రోగుల వారీగా, పొలాల వారీగా, గ్రామాల వారీగా జరగాలి. ఇక రెండోది మన స్కాలర్ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది: 20 వేల జన్యువుల్లోంచి ‘ముఖ్యమైన’ 50 జన్యువులను మొత్తం డేటా చూసి ఎంచుకుని, ఆ తర్వాత క్రాస్ వాలిడేషన్ (డేటాను మడతలుగా పంచి, ఒక్కో మడతను పరీక్షకు వదిలి మిగతావాటితో శిక్షణ ఇవ్వడం) చేయడం. ఎంపిక కూడా శిక్షణలో భాగమే, ప్రతి మడతలోనూ దాన్ని మళ్లీ చేయాలి. పూర్తిగా అర్థంలేని యాదృచ్ఛిక అంకెలతో ఇలా చేసినా అద్భుతమైన కచ్చితత్వం వస్తుంది. నమ్మకం లేకపోతే సాయంత్రం కూర్చుని చేసి చూడండి. మూడోది కాలం. రేపటి వర్షంతో శిక్షణ పొంది నిన్నటి వర్షాన్ని చెప్పడం జోస్యం కాదు.

ఇది ఒక్క శాఖకు పట్టిన జబ్బు కాదు. ప్రిన్స్‌టన్‌లో సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన సర్వే 17 శాస్త్ర రంగాల్లో సుమారు 300 వ్యాసాలను ఇది ప్రభావితం చేసినట్టు లెక్కతేల్చింది.

చరరాశులు ఎక్కువ పెడితే అంచనా మెరుగవుతుంది కదా?

పాత డేటా మీద తప్పకుండా మెరుగవుతుంది. చిక్కంతా అక్కడే. దీనికి మన నైరుతి ఋతుపవనాల కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

గిల్బర్ట్ వాకర్ 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖ అధిపతి. స్వతహాగా గణితవేత్త. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాయుపీడనాలు, ఉష్ణోగ్రతలు మన వర్షాలతో ముడిపడి ఉన్నాయో సహసంబంధాలు లెక్కగట్టించారు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ పనంతా గుమాస్తాల చేతి లెక్కే. ఆ వెతుకులాటలో బయటపడ్డ ‘సదరన్ ఆసిలేషన్’ (పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది వాయుపీడనాల ఊగిసలాట) ఈనాటి ఎల్ నినో విజ్ఞానానికి ఒక మూలస్తంభం. కానీ ఆయన పట్టుకున్న సంబంధాల్లో చాలా భాగం తర్వాతి దశాబ్దాల్లో సడలిపోయాయి.

1988లో వసంత్ గోవారికర్ బృందం 16 కారకాల మోడల్ తెచ్చింది. ఏడాదికి ఒక్క ఋతుపవనమే వస్తుంది. నలభై ఏళ్ల రికార్డు అంటే నలభై వరసల డేటా, అంతే. వాటికి 16 కారకాలు తగిలిస్తే గతానికి చక్కగా అతుక్కోవడంలో వింత లేదు. 1988 నుంచి 2001 వరకు దేశవ్యాప్త కరువు రాలేదు. అందువల్ల ‘సాధారణం’ అనే జోస్యం ఏటా నెగ్గుకొచ్చింది. ఏ లెక్కా చేయకుండా ప్రతి సంవత్సరం ‘సాధారణం’ అన్నవాడు కూడా దాదాపు అంతే నెగ్గేవాడన్నది ఎవరికీ పట్టలేదు. 2002లో సగటులో 101 శాతం వాన పడుతుందని చెప్పారు. పడింది 81 శాతం. జూలైలోనైతే సగం కూడా సరిగా పడలేదు. మరుసటి ఏడాదే కారకాలను 8కి, 10కి తగ్గించిన మోడళ్లు వచ్చాయి.

ఎల్ నినో ఒక్కటే చూసి చెప్పేద్దామా అంటే అదీ కుదరదు. 1997లో బలమైన ఎల్ నినో ఉన్నా దేశంలో వర్షం సగటును అందుకుంది.

నా దగ్గర 60 శాంపిళ్లే ఉన్నాయి. డీప్ లెర్నింగ్ (చాలా పొరల న్యూరల్ నెట్‌వర్క్‌లు) వాడవచ్చా?

వాడకండి. ముందే శిక్షణ పొందిన నెట్‌వర్క్‌ను చిత్రాలకు సర్దుబాటు చేసుకోవడం ఒక్కటే కొంత మినహాయింపు. మిగిలిన సందర్భాల్లో అనవసర చరరాశులను తీసేసే లాసో గానీ, మామూలు రిగ్రెషన్ గానీ ముందు వాడి చూడండి.

డేటా పుష్కలంగా ఉన్నా సరే, సరళమైన మోడల్‌తో పోల్చకుండా ముందుకు పోకూడదు. పెద్ద భూకంపం తర్వాత ప్రకంపనలు ఎక్కడ వస్తాయో చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి 2018లో పేరున్న పత్రికలో వచ్చింది. అందులో 13,451 పరామితులు (డేటాను బట్టి మోడల్ సర్దుకునే అంకెలు). మరుసటి ఏడాది అదే పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు రెండే పరామితుల లాజిస్టిక్ రిగ్రెషన్‌తో అంతే ఫలితం చూపించారు.

మోడల్ ఏదైనా కారకాన్ని ముఖ్యమని చూపితే, అదే కారణమని రాయవచ్చా?

రాయకూడదు. 1986లో బ్రిటన్‌లో వచ్చిన మూత్రపిండాల రాళ్ల అధ్యయనం చూడండి. కోత శస్త్రచికిత్స 78 శాతం మందిలో, చిన్న రంధ్రం ద్వారా రాయిని తీసే పద్ధతి 83 శాతం మందిలో ఫలించింది. రెండోదే మేలనిపిస్తుంది. రాయి పరిమాణాన్ని బట్టి విడదీస్తే చిన్న రాళ్లలో కోతకు 93, రంధ్రానికి 87. పెద్ద రాళ్లలో 73, 69. రెండింటిలోనూ కోతే మేలు! పెద్ద రాళ్లున్న కష్టమైన కేసులు ఎక్కువగా కోతకే వెళ్లడం వల్ల మొత్తం లెక్క తిరగబడింది. రాయి పరిమాణం మీ పట్టికలో లేకపోతే ఏ అల్గారిథమూ దీన్ని కనిపెట్టలేదు. యాదృచ్ఛిక కేటాయింపు చేసిన ప్రయోగంలో ఈ పక్షపాతానికి తావుండదు.

మెషిన్ లెర్నింగ్ నిజంగా ఒక శాస్త్రాన్ని మార్చిన సందర్భం ఉందా?

ఉంది. ప్రోటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో దాని అమైనో ఆమ్లాల వరుస నుంచి చెప్పడం అర్ధ శతాబ్దపు సమస్య. ఆల్ఫాఫోల్డ్ అనే మోడల్ 2020లో దాన్ని చాలావరకు సాధించింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దాన్ని నిర్మించిన హసాబిస్, జంపర్‌లకు దక్కింది.

నెట్‌వర్క్ గొప్పతనం గురించి అందరూ రాశారు. నాకు ముఖ్యంగా తోచేవి మరో రెండు. 1971 నుంచి ప్రయోగశాలలు కష్టపడి తేల్చిన నిర్మాణాలు ఒకే బహిరంగ బ్యాంకులో చేరుతూ వచ్చాయి. ఇక 1994 నుంచి రెండేళ్లకోసారి కాస్ప్ అనే పోటీ జరుగుతోంది. జవాబు ఇంకా ప్రచురించని ప్రోటీన్లను ఇచ్చి అంచనా వేయమంటారు, కాబట్టి లీకేజీకి చోటుండదు. ఆల్ఫాఫోల్డ్ నెగ్గింది అలాంటి పరీక్షలో. వాతావరణాన్ని అంచనా వేసే గ్రాఫ్‌కాస్ట్ మోడల్ కూడా 1979 నుంచి 2017 వరకున్న డేటాతో నేర్చుకుని, ఆ తర్వాతి ఏడాది మీద పరీక్షకు నిలబడింది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఆర్ గానీ, పైథాన్ గానీ. రెండూ ఉచితం. స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం డేటాను జాగ్రత్తగా చూసుకోండి. ఎక్సెల్ ‘మార్చ్1’, ‘సెప్ట్2’ లాంటి జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, చివరికి 2020లో నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చేసింది.

విశ్లేషణ అంతా చాట్‌బాట్‌తో చేయించవచ్చా?

కోడ్ రాయించుకోండి, రాసినదాన్ని వరస వరసా చదవండి. మీ మడులు ఏ కాలువ పక్కన ఉన్నాయో, ఏ బ్లాకులో మొక్కలు మళ్లీ నాటారో మీరు చెబితే తప్ప దానికి తెలియదు. పద్ధతి ఎంపిక ఆ వివరాల మీదే ఆధారపడుతుంది.

గణాంక నిపుణులను ఎప్పుడు కలవాలి?

డేటా సేకరించక ముందు. ప్రయోగం అయ్యాక వస్తే పోస్ట్‌మార్టం చేసి ప్రయోగం దేనితో పోయిందో మాత్రమే చెప్పగలనని ఫిషర్ అన్నారు. ఆ మాట అన్నది మన దేశంలోనే, 1938లో కలకత్తాలో జరిగిన గణాంకశాస్త్ర సభలో. ఇప్పటికీ సినాప్సిస్ సమర్పణకు పదిహేను రోజుల ముందు ఫైలు పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

వైవాలో మెషిన్ లెర్నింగ్ అధ్యాయం మీద ఏం అడుగుతారు?

డేటాను ఏ ప్రాతిపదికన విభజించారు, ఎప్పుడు విభజించారు? శుభ్రం చేయడం, ఎంపిక చేయడం విభజనకు ముందా, తర్వాతా? ఎన్ని మోడళ్లు ప్రయత్నించి ఇది ఎంచుకున్నారు, మిగిలినవాటి ఫలితాలు ఏవి? రోగులు నూటికి ఐదుగురే ఉంటే అందరినీ ఆరోగ్యవంతులన్నా 95 శాతం వస్తుంది, మరి మీ మోడల్ ఎందరు రోగులను పట్టింది? యాదృచ్ఛిక సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే విలువ) మారిస్తే ఫలితం ఎంత కదులుతుంది? మరో జిల్లా, మరో ఆసుపత్రి, మరో సంవత్సరం డేటా మీద చూశారా? ఈ చివరి ప్రశ్నకు ‘చూశాం, కచ్చితత్వం 20 శాతం తగ్గింది, కారణం ఇదని అనుకుంటున్నాం’ అన్న జవాబు, ‘99 శాతం’ అన్న జవాబు కన్నా ఎక్కువ గౌరవం తెస్తుంది. ఆ తగ్గిన అంకెను అనుబంధంలో దాచకుండా ప్రధాన పట్టికలోనే పెట్టండి.